హాస్య నవలలో ఒంటరి స్త్రీ: పాఠకుల అభిప్రాయ భేదాలపై ఒక సమీక్ష

పెళ్ళికాని స్త్రీని, లేదా భర్త అండ లేకుండా బతుకుతున్న స్త్రీని కథకు నడుమ నిలిపి ఆమె చుట్టూ నవ్వు పుట్టించే రచన వచ్చినప్పుడల్లా తెలుగు పాఠకులు రెండు పక్షాలుగా విడిపోతూ వచ్చారు. కొందరికి అది తమ ఇంటి మాటలు తాము విన్నంత హాయిగా ఉంటే, మరికొందరికి ఆడపిల్ల బతుకును చులకన చేసినట్టు తోస్తుంది; ఒకరు దాన్ని స్వేచ్ఛకు తొలి మెట్టు అంటే, మరొకరు పెళ్ళిపీటల దగ్గర ఆగిపోయే కాలక్షేపం అంటారు. ఈ వ్యాసంలో ‘ఒంటరి స్త్రీ’ అంటే అవివాహిత మాత్రమే కాదు; వితంతువు, భర్తను విడిచివచ్చిన స్త్రీ, వేశ్యావృత్తిలో ఉన్న స్త్రీ కూడా, అంటే వివాహబంధం వెలుపల నిలబడి తన నిర్ణయాలు తానే తీసుకోవలసిన ప్రతి స్త్రీ అని అర్థం. ‘హాస్య నవల’ అన్న మాటను కూడా కొంత సడలించక తప్పదు, ఎందుకంటే తెలుగులో ఈ వాదం నాటకంలో మొదలై, కథల వరుసల్లోకి వచ్చి, ఆ తరువాతే నవలకూ సినిమాకూ పాకింది.

ఈ పరిశీలనకు తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతం తగిన నెలవు. కాంతం కథల కర్త మునిమాణిక్యం నరసింహారావు 1898లో పుట్టిన సంగం జాగర్లమూడి తెనాలికి దగ్గరి ఊరు. కొడవటిగంటి కుటుంబరావు 1909లో తెనాలిలోనే పుట్టారు. చలం పెరిగింది తెనాలిలో. శరత్‌చంద్రుణ్ణి తెలుగువారికి చేరువ చేసి, ‘యువ’ పత్రిక పెట్టి, తరువాత సినిమా రచనకు వెళ్ళిన చక్రపాణి తెనాలివారు. త్రిపురనేని రామస్వామి పురాణాలను హేతువాదంతో తిరగరాసి పండితులను కలవరపెట్టింది ఈ ఊళ్ళోనే. రేపల్లెలో న్యాయవాదిగా పనిచేసిన నోరి నరసింహశాస్త్రి ‘రుద్రమదేవి’ వంటి చారిత్రక నవలలు రాశారు. బాపట్లకు దగ్గరగా, కర్లపాలెం మండలంలో ఉన్న యాజలి హాస్య రచయిత్రి పొత్తూరి విజయలక్ష్మి పుట్టిన ఊరు. స్త్రీవాద నవలకు తెలుగులో పేరు తెచ్చిన ఓల్గా 1973 నుంచి 1986 వరకు తెనాలి వి.ఎస్.ఆర్. అండ్ ఎన్.వి.ఆర్. కళాశాలలో తెలుగు అధ్యాపకురాలు. 2022లో జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు తెనాలి గుంటూరు జిల్లాలో ఉండిపోయి, రేపల్లె కొత్తగా ఏర్పడిన బాపట్ల జిల్లాలోకి వెళ్ళినా, చదువరుల లోకంగా చూస్తే ఇది ఒకే నేల. స్త్రీని నవ్వుతూ చూసినవారూ, స్త్రీ కోసం కన్నీరు పెట్టినవారూ, స్త్రీ పక్షాన కోపగించినవారూ ఇంత దగ్గర దగ్గరగా ఉన్న ప్రాంతం తెలుగుదేశంలో మరొకటి చూపడం కష్టం.

అభిప్రాయ భేదానికి మూలం ఆధునిక కాలంలో లేదు. నాట్యశాస్త్రం హాస్యాన్ని రెండుగా విభజించింది: పాత్ర తానే నవ్వడం ఆత్మస్థం, ఇతరులను నవ్వించడం పరస్థం. నవ్వులోని తరతమ భేదాలను బట్టి స్మితం, హసితం, విహసితం, ఉపహసితం, అపహసితం, అతిహసితం అని ఆరు రకాలు చెప్పి, చిరునవ్వు వంటి మొదటి రెండింటిని ఉత్తమ పాత్రలకూ, నడిమి రెండింటిని మధ్యమ పాత్రలకూ, ఒళ్ళు మరిచి పగలబడి నవ్వే చివరి రెండింటిని అధమ పాత్రలకూ కేటాయించింది. ఈ రసం స్త్రీలలోనూ నీచ ప్రకృతి గలవారిలోనూ ఎక్కువగా కనిపిస్తుందని కూడా అన్నది. అంటే స్త్రీని హాస్యానికి దగ్గర చేస్తూనే ఆ హాస్యాన్ని కింది మెట్టున పెట్టింది. స్త్రీ కేంద్రంగా హాస్య రచన వస్తే అది తేలిక సాహిత్యం అనుకునే అలవాటు, స్త్రీని నవ్వులో చూపితే ఆమె గౌరవం తగ్గినట్టు భావించే అలవాటు, రెండూ ఈ వర్గీకరణ నీడలోనే పెరిగాయి. ఆత్మస్థం, పరస్థం అన్న విభజన మాత్రం ఈనాటికీ పనికివచ్చే కొలమానం. ఒక నవలలో ఒంటరి స్త్రీ తాను నవ్వుతున్నదా, లేక ఇతరుల నవ్వుకు వస్తువుగా మాత్రమే ఉన్నదా అన్న ప్రశ్నకు వచ్చే జవాబును బట్టే చాలావరకు పాఠకులు చీలిపోయారు.

దీనికి తొలి రుజువు గురజాడ ‘కన్యాశుల్కం’. 1892లో ప్రదర్శితమై, 1897లో అచ్చయి, 1909లో సమూలంగా పెరిగిన ఈ నాటకంలో వివాహబంధం వెలుపల ఉన్న స్త్రీలు ఎందరో ఉన్నా, హాస్యం విషయంలో ఇద్దరు పరస్పరం ఎదురుగా నిలుస్తారు. ఒకరు మధురవాణి, మరొకరు పూటకూళ్ళమ్మ. వంట చేసి నలుగురికి పెట్టి, కష్టపడి సంపాదించుకుని బతుకుతున్న పూటకూళ్ళమ్మ, చీపురుకట్ట పట్టుకుని గిరీశాన్ని వెతుక్కుంటూ మధురవాణి ఇంటికి వచ్చే ఘట్టంలో ప్రేక్షకులు పగలబడి నవ్వుతారు. ఆ నవ్వులో గిరీశం మోసం ఎంత ఉందో, మగతోడు లేని స్త్రీ మోహం మీద లోకానికున్న ఎగతాళి కూడా అంత ఉంది. మోసపోయి డబ్బు పోగొట్టుకున్నది ఆమె అన్న సంగతి నవ్వు సద్దుమణిగాక గాని గుర్తుకు రాదు. మధురవాణి దగ్గర పరిస్థితి తారుమారవుతుంది. గిరీశాన్నీ, రామప్పంతుల్నీ ఆమె నవ్వుతూ ఆడిస్తుంది; మారువేషంలో సౌజన్యారావు పంతులు ముందు నిలిచి, పెద్దమనుషులు విప్పలేని చిక్కుముడిని విప్పుతుంది. నవ్వు పగ్గాలు ఆమె చేతిలో ఉన్నాయి. అందుకే మధురవాణి మీద వంద సంవత్సరాలకు పైగా వాదం నడిచింది: వేశ్యకు ఇంత ఔన్నత్యం ఆపాదించడం నీతికి చేటని కొందరు, అటువంటి స్త్రీ లోకంలో ఉండదని కొందరు, ఆ నాటకంలో నిజమైన సంస్కర్త ఆమేనని మరికొందరు వాదించారు. పూటకూళ్ళమ్మ మీద అటువంటి వాదం నడవలేదు. నవ్వించబడిన ఒంటరి స్త్రీ ఎవరినీ ఇబ్బంది పెట్టలేదు, నవ్విన ఒంటరి స్త్రీ మాత్రం పాఠకలోకాన్ని నిలదీసింది. ఈ సమీక్షలో తరువాత వచ్చే రచనలన్నిటికీ ఈ వ్యత్యాసమే తాళంచెవి.

గురజాడ తరువాత తెలుగు హాస్యం స్త్రీని విడిచిపెట్టలేదు గాని, ఆమెను ఇంట్లోకి తీసుకువెళ్ళి భార్యను చేసింది. మునిమాణిక్యం కాంతం ఇందుకు తిరుగులేని ఉదాహరణ. ఉపాధ్యాయుడైన భర్త, చమత్కారంగా మాట్లాడే భార్య, చాలీచాలని జీతం, పిల్లలు, చుట్టాలు అనే చిన్న ప్రపంచంలో పుట్టిన ఆ కథలు తెలుగువారికి దాంపత్యంలోని స్నేహాన్ని చూపాయి. భర్త తన తెలివిని ప్రదర్శించబోయి భార్య ముందు తేలిపోవడం వాటిలో తరచుగా కనిపించే కథా పద్ధతి. కాంతానికి నోరు ఉంది, హాస్య స్ఫూర్తి ఉంది, భర్త గర్వాన్ని చురుక్కుమనిపించే తెలివి ఉంది. ఆమెను మెచ్చేవారు, భార్యను దాసిగానో దేవతగానో చూపే కాలంలో మాటకు మాట చెప్పగల మనిషిగా నిలిపినందుకు మెచ్చుతారు. ఒప్పుకోనివారు, ఆమె నవ్వు ఎప్పుడూ భర్త కథనం గుండానే పాఠకుడికి చేరుతుందనీ, ఆమె గెలిచిన ప్రతిసారీ ఆ గెలుపును ప్రేమగా ప్రకటించే అధికారం భర్త దగ్గరే ఉంటుందనీ అంటారు. రెండు మాటలూ నిజమే. ఉపాధ్యాయ వృత్తిలో బతుకుతూ ‘మన హాస్యం’ అన్న గ్రంథంలో తెలుగు హాస్యాన్ని శ్రద్ధగా విచారించిన మునిమాణిక్యానికి స్త్రీ మీద ఉన్న ఆదరాన్ని శంకించవలసిన పనిలేదు. అయినా ఒక విషయం గమనించక తప్పదు. కాంతం నవ్వుకు పూచీ ఆమె మాంగల్యం. అదే మాటలు పెళ్ళికాని పిల్ల అంటే తలబిరుసు అనేవారు, వితంతువు అంటే విచ్చలవిడితనం అనేవారు.

భార్యకు నవ్వు దక్కిన ఆ కాలంలోనే ఒంటరి స్త్రీకి విషాదం వంతుగా వచ్చింది. చలం ‘మైదానం’ 1927లో వచ్చి తెలుగు పాఠకులను చీల్చినంతగా బహుశా మరే నవలా చీల్చలేదు. భర్త ఇంటిని వదిలి వెళ్ళిన రాజేశ్వరిని కొందరు స్వేచ్ఛాదేవతగా కొలిస్తే, కొందరు ఆ పుస్తకం ఇంట్లో ఉండడమే అప్రతిష్ఠ అనుకున్నారు. ఇరుపక్షాలకూ ఒక్క విషయంలో అంగీకారం ఉంది. అటువంటి స్త్రీ కథలో నవ్వుకు చోటుంటుందని ఎవరూ అనుకోలేదు. కుటుంబరావు మధ్యతరగతి సంసారాలను పట్టిచూసి, మనుషుల ఆత్మవంచనను చల్లని వ్యంగ్యంతో బయటపెట్టారు గాని, ఆ వ్యంగ్యం ఎక్కువగా కుటుంబ వ్యవస్థ మీదా డబ్బు మీదా పనిచేసింది. ఓల్గా ‘స్వేచ్ఛ’ 1987లో వచ్చినప్పుడు, ఇష్టపడి పెళ్ళి చేసుకున్న అరుణ చివరికి ఆ ఇంటి నుంచి బయటికి నడవడం మీద మళ్ళీ తీవ్రమైన వాదం లేచింది; అందులోనూ పోరాటం, వేదన, నిశ్చయం ఉన్నాయి, హాస్యం లేదు. ఆ నవలలకు హాస్యం లేకపోవడం లోపం కాదు. కాని అరవై ఏళ్ళ పొడవునా గంభీర సాహిత్యం ఒంటరి స్త్రీకి కన్నీటినీ కోపాన్నీ ఇచ్చి చిరునవ్వును ఇవ్వలేకపోవడం పాఠకుల అంచనాలను తయారుచేసింది. ఆమె నవ్వుతూ కనిపిస్తే ఆమె బాధను రచయిత మరిచాడని అభ్యుదయ పాఠకుడికీ, ఆమె కట్టు తప్పిందని సంప్రదాయ పాఠకుడికీ అనిపించడం అందువల్లనే.

ఈ వంతుల పంపకాన్ని జనరంజకంగా కదిలించినది 1955వ సంవత్సరం. ఆ జనవరిలో విజయా సంస్థ ‘మిస్సమ్మ’ విడుదలయింది. బెంగాలీ రచయిత రవీంద్రనాథ్ మైత్ర ‘మన్మయీ గర్ల్స్ స్కూల్’ ఆధారంగా చక్రపాణి రాసిన కథకు ఎల్.వి. ప్రసాద్ దర్శకుడు. అప్పు తీర్చవలసిన చదువుకున్న క్రైస్తవ యువతి మేరీ, ఉద్యోగం కోసం పరాయి యువకుడితో భార్యాభర్తలుగా నటించవలసి రావడం ఆ కథకు ఇరుసు. పెళ్ళి లేనిదే ఉద్యోగం ఇవ్వని లోకాన్ని అబద్ధపు పెళ్ళితో మోసగించడంలోనే వ్యంగ్యం ఉంది. పెళ్ళి ఇక్కడ బంధం కాక, ఉద్యోగానికి అడిగిన అర్హత పత్రం అయింది. అదే ఏడాది పి. పుల్లయ్య దర్శకత్వంలో ‘కన్యాశుల్కం’ సినిమాగా వచ్చింది. మేరీగానూ మధురవాణిగానూ నటించినది సావిత్రే. తెలుగు తెర మీద ఒకే ఏడాది ఒకే నటి ఇద్దరు ఒంటరి స్త్రీలను హాస్యంలో నిలబెట్టడం మన సాంస్కృతిక చరిత్రలో చిన్న విషయం కాదు. ‘మిస్సమ్మ’ మీద కూడా రెండు చూపులున్నాయి. మేరీ కోపమూ పంతమూ ఆత్మాభిమానమూ చూసి మురిసిపోయిన ప్రేక్షకులు తరతరాలుగా ఉన్నారు. ఆమె నిజానికి తప్పిపోయిన మహాలక్ష్మి అని తేల్చి, మతభేదం అన్న చిక్కును పుట్టుక రహస్యంతో పరిష్కరించడం మేరీ అన్న మనిషిని చెరిపివేయడమేనని వాదించేవారూ ఉన్నారు. ఆ ముగింపు సౌకర్యం కోసం చేసిన రాజీ అనే విమర్శ న్యాయమైనదే. అయితే, రెండు గంటలకు పైగా మేరీ తన జీవికను తాను చూసుకునే స్త్రీగా నవ్విస్తూ, నవ్వుతూ, అలుగుతూ తెర మీద నిలిచింది. చివరి పది నిమిషాలు ఆ ముద్రను తుడిచివేయలేకపోయాయి.

తరువాతి దశలో నవ్వు రచయిత్రుల చేతికి వచ్చింది. భానుమతి ‘అత్తగారి కథలు’ కోడలి గొంతుతో నడిచాయి. రంగనాయకమ్మ ‘స్వీట్ హోం’లో విమల భర్త బుచ్చిబాబుతో వాదిస్తూ, నవ్విస్తూ, ఇంటి పనిలో సమానత్వం వంటి బరువైన విషయాలను తేలిక మాటల్లో పెట్టింది. హాస్యం స్త్రీ గొంతులో పలకడం ఇక్కడ గొప్ప మార్పు. అయినా ఆ గొంతు ఇంకా కోడలిదే, భార్యదే. వారపత్రికల సీరియళ్ళూ అద్దె పుస్తకాల దుకాణాలూ కలిసి స్త్రీల నవలను ఇంటింటికీ చేర్చిన ఆ కాలంలో పెళ్ళికాని నాయికకు దొరికినది ప్రేమకథ. యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’లో జయంతి ఉద్యోగం చేస్తుంది, అభిమానవతి, పాఠకురాళ్ళు ఆమెలో తమను చూసుకున్నారు. ఆమె మీద ఎవరూ నవ్వరు, ఆమె కూడా తన మీద తాను నవ్వుకోదు.

పొత్తూరి విజయలక్ష్మి ‘ప్రేమలేఖ’ ఈ ఖాళీలోకి వచ్చిన నవల. జంధ్యాల దర్శకత్వంలో ఉషాకిరణ్ మూవీస్ 1984లో తీసిన ‘శ్రీవారికి ప్రేమలేఖ’కు మూలం ఇదే కావడంతో, నవల చదవనివారికి కూడా కథ పరిచయమే. ఒక పెళ్ళికాని అమ్మాయి ముక్కూముఖం తెలియని ఊహా ప్రియుడికి సరదాగా రాసిన ఉత్తరం ఒక యువకుడి చేతిలో పడుతుంది. అతను ఆ అక్షరాలను ప్రేమించి, రాసిన అమ్మాయి ఎవరో తెలుసుకోవాలని బయలుదేరతాడు. ఇంతే కథ. ఆ కాలపు కోస్తా మధ్యతరగతి ఇళ్ళ సంగతి తెలిసినవారికి ఇందులోని సాహసం వెంటనే అర్థమవుతుంది. ఆడపిల్ల చేతిరాతతో ఉన్న ప్రేమలేఖ బయటపడితే పెళ్ళి సంబంధాలు తప్పిపోయేవి, చదువు మాన్పించేవారు, తండ్రి తల ఎత్తుకోలేకపోయేవాడు. గంభీర నవలలో అదే ఉత్తరం విషాదానికి నాంది అయ్యేది. యాజలిలో పుట్టిన ఈ రచయిత్రి దాన్ని నవ్వుకు నాంది చేసింది. ప్రమాదం అనుకున్నదాన్ని ఆట చేయడమే ఈ కథలోని అసలు శక్తి.

ఇటువంటి నవల గురించి పాఠకులు చెప్పే అభిప్రాయాలను తరచి చూస్తే, అవి మెచ్చుకోలు, తిరస్కారం అనే రెండు గంపలలో ఇమడవు. ఒక వర్గం పాఠకురాళ్ళకు అందులో కనిపించేది గుర్తింపు: తాము రాయాలనుకుని రాయని ఉత్తరం, చెప్పాలనుకుని మింగిన మాట. వారు ఆ పుస్తకాన్ని విప్లవం కోసం చదవరు, తమ మనసులోని అల్లరి నేరం కాదని ఎవరైనా చెబితే వినడానికి చదువుతారు. దీన్ని పలాయనం అనడం తొందరపాటు, ఎందుకంటే భయపడవలసిన విషయాన్ని చూసి నవ్వగలగడం భయం సడలుతున్నదనడానికి గుర్తు. రెండో వర్గానికి అభ్యంతరం నీతి దృష్టితో వస్తుంది: పర్యవసానాలను చూపకుండా ఇటువంటి చేష్టను సరదాగా చిత్రిస్తే పసిపిల్లలు దారి తప్పుతారని. ఈ వాదం తెలుగులో నవల పుట్టిన నాటి నుంచీ ఉన్నదే. నవలా పఠనమే స్త్రీలను చెడగొడుతుందన్న పాత మాటకు ఇది కొత్త రూపం, దీని మీద ఎక్కువసేపు ఆగనక్కరలేదు.

ఆగవలసినది మూడో వాదం దగ్గర. స్త్రీవాద దృష్టి గల పాఠకులు ఇటువంటి కథల ముగింపును ప్రశ్నిస్తారు. ఉత్తరం రాసిన అల్లరి పిల్ల చివరికి ఎక్కడికి చేరుతుంది? పెళ్ళికి. ఆమె ఆటకు లోకం ఇచ్చే అనుమతి పెళ్ళి దాకానే; పైగా సినిమా పేరులో లేఖ ‘శ్రీవారికి’ అయిపోయింది, అంటే ప్రియుడు ముందుగానే భర్త పదవిలో కూర్చున్నాడు. ఇదే సినిమాలో జనం అందరికంటే ఎక్కువగా గుర్తుపెట్టుకున్న స్త్రీ హాస్యపాత్ర, సినిమా కథలను పేర్ల పట్టికతో సహా వినిపించి భర్తను వేధించే ఇల్లాలిగా శ్రీలక్ష్మి ధరించినది. ఒంటరి అమ్మాయి చేష్టతో మొదలైన కథలో పెద్ద నవ్వు మళ్ళీ భార్య పాత్రకే దక్కింది. ఈ వాదాన్ని తోసిపుచ్చడం కుదరదు. కాని దీనికి ఒక హద్దు ఉంది. హాస్యకథ, ప్రాచ్యంలోనైనా పాశ్చాత్యంలోనైనా, కలయికతో ముగియడం దాని నిర్మాణ ధర్మం. ముగింపు ఒక్కదాన్నే తీర్పుగా తీసుకుంటే మధ్యలో స్త్రీ పాత్ర సంపాదించుకున్న చొరవ అంతా లెక్కలోకి రాకుండా పోతుంది. ‘మిస్సమ్మ’ విషయంలో చెప్పినదే ఇక్కడా వర్తిస్తుంది. పాఠకురాలి జ్ఞాపకంలో నిలిచేది పెళ్ళిమండపం కాదు, కలం పట్టుకున్న అమ్మాయి.

నాలుగో వాదం సాహిత్య విలువ గురించినది. హాస్య నవల చదివి పారేసేదే గాని నిలిచేది కాదని భావించే విమర్శకులు స్త్రీ రాసిన హాస్యాన్ని మరింత తేలికగా తీసుకున్నారు. ఇక్కడ ఒక పోలిక అవసరం. మొక్కపాటి నరసింహశాస్త్రి ‘బారిస్టర్ పార్వతీశం’లో ఊరుగాని ఊరికి ఒంటరిగా బయలుదేరిన యువకుడి అమాయకత్వం, పొరపాట్లు, అవమానాలు చదివి తెలుగువారు తరతరాలుగా ప్రేమగా నవ్వుకున్నారు. పార్వతీశం తెలివితక్కువతనం పురుషజాతికి అప్రతిష్ఠ అని ఒక్కరూ వాదించలేదు. చిలకమర్తి ‘గణపతి’ మగవాళ్ళకు చెడ్డపేరు తెచ్చిందని ఎవరూ బాధపడలేదు. ఒంటరి పురుషుడు తన ఒక్కడి తరఫునే తప్పు చేస్తాడు. ఒంటరి స్త్రీ ఒక్క పొరపాటు చేస్తే స్త్రీలందరి తరఫునా చేసినట్టు లెక్క కడతారు. అనుకూలురూ ప్రతికూలురూ ఇద్దరూ ఈ లెక్కనే పాటించడం వల్ల, ఆమె పొరపాట్లు చేసే మనిషిగా కాక ఒక వాదానికి ఉదాహరణగా మారిపోతుంది. హాస్యానికి ఇంతకు మించిన శత్రువు లేదు.

ఈ ఇబ్బంది తెలుగు పాఠకులకే ప్రత్యేకం కాదు. ఇంగ్లండులో హెలెన్ ఫీల్డింగ్ 1995లో ‘ది ఇండిపెండెంట్’ పత్రికలో శీర్షికగా మొదలుపెట్టి 1996లో నవలగా తెచ్చిన ‘బ్రిడ్జెట్ జోన్స్ డైరీ’ ముప్పై దాటిన అవివాహిత దినచర్య. జేన్ ఆస్టిన్ 1813 నాటి ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ కథాచట్రాన్ని లండన్ ఉద్యోగిని జీవితానికి తొడిగిన రచన. ప్రతిరోజూ తన బరువు, తాగిన మద్యం, కాల్చిన సిగరెట్లు లెక్కరాసుకునే బ్రిడ్జెట్‌లో లక్షలాది స్త్రీలు తమను చూసుకున్నారు. చదువుకుని ఉద్యోగం చేస్తున్న స్త్రీని ఒంటి బరువు, మగవాడి ఫోను అన్న రెండు చింతలకు కుదించారని మరెందరో ఆగ్రహించారు. ఆ వరుసలో వెల్లువగా వచ్చిన తేలిక నవలలను చూసి 2001లో బెరిల్ బెయిన్‌బ్రిడ్జ్, డోరిస్ లెస్సింగ్ వంటి పెద్ద రచయిత్రులే బహిరంగంగా విచారపడ్డారు. తెనాలిలోనైనా లండన్‌లోనైనా ప్రశ్న ఒకటే: తన బలహీనతను చూసి తానే నవ్వుకునే స్త్రీ బలహీనురాలా, బలవంతురాలా? బ్రిడ్జెట్ నవ్వు ఆత్మస్థం, డైరీ ఆమెదే, కలం ఆమెదే. అందువల్ల ఆమె పక్షాన తీర్పు చెప్పడానికి నాట్యశాస్త్రపు విభజనే సరిపోతుంది. జార్జ్ మెరెడిత్ 1877లో హాస్యం గురించి చేసిన ప్రసంగంలో, స్త్రీలకు స్వేచ్ఛ లేని సమాజంలో ఉత్తమ హాస్యం పుట్టదని వాదించాడు. ఆ మాటను తెలుగుకు అన్వయిస్తే, ఇక్కడ హాస్య నాయిక ఆలస్యంగా రావడానికి కారణం రచయితల శక్తిలోపం కాదని తేలుతుంది. ఒంటరిగా నివసించడానికి, ఒంటరిగా ప్రయాణం చేయడానికి, పొరపాటు చేసి తిరిగి లేవడానికి స్త్రీకి చోటు దొరికాకే ఆమె హాస్య నవలకు నాయిక కాగలదు.

ఇప్పటివరకు పరిశీలించిన రచనలన్నిటికీ ఒక పరిమితి ఉంది, దాన్ని ఇరుపక్షాల పాఠకులూ పెద్దగా పట్టించుకోలేదు. కాంతం నుంచి ‘ప్రేమలేఖ’ దాకా నవ్వు చదువుకున్న మధ్యతరగతి ఇంటిలోనిది. రేపల్లె, నిజాంపట్నం వైపు డెల్టా పొలాల్లో నాట్లకూ కోతలకూ పోయే కూలి స్త్రీలలో భర్త పోయినవారు, భర్త విడిచినవారు, భర్తను విడిచినవారు ఉన్నారు. పిల్లల్ని పెంచుతూ ఇల్లు నడుపుతున్నది వారే. వరుస కలిపి ఆడే మేలమాటలు, మేస్త్రీ మీద కట్టే పాటలు, ఊరి పెద్దలను అనుకరించి పగలబడి నవ్వే నవ్వు వారి దగ్గర పుష్కలంగా ఉన్నాయి. నాట్యశాస్త్రం అధమ పాత్రలకు కేటాయించిన అతిహసితం అదే. ఆ నవ్వు నవలలోకి రాలేదు. వచ్చినప్పుడు ఆ స్త్రీ దుఃఖానికి ప్రతీకగానో, పోరాటానికి ప్రతీకగానో వస్తున్నది, చమత్కారిగా రావడం లేదు. ఒంటరి స్త్రీ హాస్యం స్త్రీలందరినీ అవమానిస్తుందా అని వాదించుకునేవారు, ఆ స్త్రీలందరిలో ఎవరెవరు ఉన్నారో ముందుగా చూసుకోవలసి ఉంది.

ఇన్ని వాదాలను తూచి చూస్తే తీర్పు ఒక పక్షానికి మొగ్గుతుంది. తెలుగు సాహిత్యం భార్యకు నవ్వునూ ఒంటరి స్త్రీకి దుఃఖాన్నీ పంచింది. పాఠకుల చీలికకు అసలు కారణం ఆ పంపకమే, ఫలానా నవల గుణదోషాలు ఆ తరువాత. పెళ్ళి లేని స్త్రీ నవ్వితే ఆమె బాధ అబద్ధమవుతుందన్న భయం నుంచి అభ్యుదయ పాఠకులు, ఆమె అదుపు తప్పుతుందన్న భయం నుంచి సంప్రదాయ పాఠకులు బయటపడవలసి ఉంది. మధురవాణిని నవ్వనిచ్చిన సాహిత్యానికి ఇది చేతకాని పని కాదు. కాంతాన్ని ప్రేమించిన పాఠకులు, కాంతానికి పెళ్ళి కాకపోయినా ఆ చమత్కారాన్ని అంతే ప్రేమించగలిగినప్పుడే ఆ ప్రేమ ఆమె తెలివి మీదిదని రుజువవుతుంది.

ఈ విషయంలో మిగిలిన పని పాఠకుల మాటలను పాఠకుల నోటనే వినడం. విమర్శకుల వ్యాసాలు గ్రంథాలుగా వచ్చాయి. సీరియళ్ళు నడిచిన రోజుల్లో ఊరూరి నుంచి స్త్రీలు వారపత్రికలకు రాసిన ఉత్తరాలు మాత్రం పాత సంచికల చివరి పుటల్లోనే ఉండిపోయాయి. ఒంటరి స్త్రీ నవ్వును గురించి సాధారణ పాఠకురాలు ఏమనుకున్నదో చెప్పే తొలి సాక్ష్యం అక్కడ ఉంది. 1918లో స్థాపితమై, పాత పత్రికల సంచికలను నేటికీ కాపాడుతున్న వేటపాలెం సారస్వత నికేతనం ఇప్పుడు బాపట్ల జిల్లాలోనే ఉంది. తెనాలి, బాపట్ల, రేపల్లె కళాశాలల తెలుగు శాఖలు తమ పరిశోధక విద్యార్థులను ఆ సంచికల దగ్గరికి పంపి, పాఠకుల ఉత్తరాలను పత్రిక వారీగా, రచన వారీగా సేకరించి అచ్చు వేయించాలి. కాగితం పెళుసెక్కుతున్నది కాబట్టి ఈ పని వెంటనే మొదలుకావాలి.